వేలిముద్ర పడని చేతుల తరఫున: మన ఇంజనీరింగ్ పిల్లలకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదువుతున్న పిల్లలందరికీ,

నేను పలాస దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మీలో కొందరికి త్రికోణమితి చెప్పింది నేనే. ఇప్పుడు మీరు ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో, విజయనగరం జేఎన్‌టీయూలో, టెక్కలిలో, రాజాంలో, ఇంకా చుట్టుపక్కల కాలేజీల్లో ఉన్నారు. కౌన్సెలింగ్ రోజుల్లో "టీచర్, ఏ బ్రాంచి పెట్టమంటారు?" అని ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉండేవారు. సీఎస్‌ఈ, అందులోనూ ఏఐ. నేనూ సంతోషంగానే సరే అన్నాను.

ఈ ఉత్తరం కలెక్టరు గారికి రాయొచ్చు, మంత్రి గారికి రాయొచ్చు. మీకే రాయడానికి కారణం ఉంది. జీవో ఇచ్చేది వాళ్ళే గానీ, ఆ జీవో ప్రకారం నడిచే యాప్‌లో "మళ్ళీ ప్రయత్నించండి" అన్న మాట తర్వాత ఏం రావాలో కూర్చుని రాసేది మీలాంటి పిల్లలు. నాలుగైదేళ్ళలో ఆ కుర్చీలో మీరుంటారు. అప్పటికి ఏ బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్ళిపోయి ఉంటారు, సొంతూరు సంక్రాంతికి వచ్చిపోయే ఊరవుతుంది. అందుకని ఇప్పుడే చెప్పాలనిపించింది.

ముందు మా అమ్మ చేతుల గురించి చెప్పనివ్వండి.

మా అమ్మ ముప్పై ఏళ్ళు కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసింది. జీడిపిక్క తొక్క లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉండి, వాటిలో చిక్కటి నూనె ఉంటుంది. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు ఆ నూనెలో ఉంటాయి. చర్మానికి తగిలితే కాలినట్టు బొబ్బ లేస్తుంది. పిక్కల్ని కాల్చినా, ఆవిరి పట్టినా అది పూర్తిగా పోదు. కటింగ్ దగ్గర కూర్చున్న మనిషి ఒక చేత్తో పిక్క పెట్టి, కాలితో తొక్కి కత్తులు దింపి, రెండో చేత్తో పిడి తిప్పి తొక్క విడదీయాలి. రోజుకి కొన్ని వేలసార్లు. బూడిద రాసుకునేది, ఆముదం రాసుకునేది, అయినా ఆగేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చాక పులుసు వేసి అన్నం కలుపుకోలేకపోయేది. నేను ముద్దలు చేసి నోట్లో పెట్టేదాన్ని. అప్పటికి నేను ఆరో తరగతి.

ఇప్పుడు అమ్మ బొటనవేలు వెలుతురులో పట్టి చూస్తే గీతలు కనబడవు. తోమిన ఇత్తడిలా నున్నగా మెరుస్తుంది. మధ్యలో ఒక పాత పగులు నల్లగా ఉండిపోయింది. చూపుడువేలు కొంచెం నయం, అంచున రెండు మూడు గీతలు మిగిలాయి.

రెండేళ్ళ క్రితం ఆమెకి రావాల్సిన సాయం ఒకటి తీసుకోవడానికి ఒక చోటికి వెళ్ళాం. అక్కడ వేలిముద్ర వెయ్యాలి. కుడి బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు. వెనక లైన్లో ఉన్న ఒకావిడ "తలకి రాసుకో అప్పా, నూనె అంటుకుంటే పడతాది" అంది. పాపిట దగ్గర జుట్టుకి వేలు రుద్దుకుని పెట్టింది. పది వేళ్ళూ అయ్యాయి. కంప్యూటర్ దగ్గర కుర్రాడు మంచివాడే. ఆమెకి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. "వేలు పడట్లేదమ్మా, వచ్చే వారం రండి" అన్నాడు. వచ్చే వారం వెళ్ళాం. ఆ పై వారం కూడా వెళ్ళాం.

మూడోసారి ఆటోలో తిరిగొస్తూ అమ్మ తన అరచేయి చూసుకుంటూ అడిగింది: "ఈ ఏళ్ళతోనే కదే నిన్ను సదివించినాను. ఇప్పుడు నా ఏలు నాది కాదంటందేటే?"

నేను లెక్కలు చెప్పేదాన్ని, జవాబు లేని ప్రశ్నలు నాకు అలవాటు లేదు. తర్వాత నేను చదివి తెలుసుకున్నవి చెప్తాను, మీకు పనికొస్తాయి. ఆధార్ వేలిముద్రల తనిఖీలో 2023 నుంచి ఏఐ ఉంది. పెట్టింది బతికున్న మనిషి వేలా, జిగురుతోనో రబ్బరుతోనో చేసిన దొంగ ముద్రా అని అది చూస్తుంది. అది ఉండాల్సిందే. దొంగ ముద్రలతో పేదవాళ్ళ ఖాతాల్లోంచి డబ్బులు లాగేసిన సంగతులు మనం పేపర్లో చదివాం. అలాగే, సంక్షేమ పథకాల్లో వేలిముద్ర పడని మనిషిని ఉత్తి చేతులతో పంపకూడదని ఆధార్ సంస్థే 2017 అక్టోబరులో ఒక సర్క్యులర్ ఇచ్చింది. కంటిపాపతో చూడండి, ఓటీపీతో చూడండి, ఏదీ కుదరకపోతే కార్డు చూసి ఇచ్చి, ఆ సంగతి రాసి పెట్టుకోండి అని దాని సారాంశం. అంటే నియమం ఉంది. ఆ కుర్రాడి తెర మీద ఆ నియమానికి బటన్ మాత్రం లేదు. ఉన్నా ఎక్కడుందో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ సర్క్యులర్ రాసినవాళ్ళకీ మా అమ్మకీ మధ్య ఉన్నది ఒక్క తెర. ఆ తెర తయారుచేసినవాళ్ళు మీ అన్నలు, అక్కలు. బహుశా వాళ్ళకి వేలిముద్ర లేని మనిషి ఎప్పుడూ ఎదురుపడలేదు.

మీ ప్రాజెక్టుల గురించి చెప్పేటప్పుడు మీరు ఆక్యురసీ అనే మాట వాడతారు, యంత్రం వందలో ఎన్నిసార్లు సరిగ్గా చెప్పిందన్న లెక్క. మొన్న నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇంటికొచ్చి "98 శాతం వచ్చింది టీచర్" అని ఎంత సంబరపడిందో. నాకూ సంతోషం వేసింది. ఆ రాత్రి పడుకున్నాక లెక్క వేసుకున్నాను. వెయ్యి మంది ఉన్న ఊళ్ళో 98 శాతం అంటే ఇరవై మంది గుమ్మం దగ్గర ఆగిపోయారు. పోనీ ఆ ఇరవై మందీ నెలనెలా మారుతుంటే కొంత సర్దుకోవచ్చు. సంభావ్యత పాఠంలో నాణెం ఎగరేయించాను గుర్తుందా? ఏ పక్క పడుతుందో ఎవరికీ తెలియదు, అందరికీ సమానమే. ఈ ఇరవై మంది విషయం అలా ఉండదు. ప్రతి నెలా వాళ్ళే. జీడి కటింగ్ చేసిన ఆడవాళ్ళు, నౌపడ ఉప్పు మడుల్లో చేసినవాళ్ళు, రాళ్ళు కొట్టినవాళ్ళు, డెబ్బై దాటిన ముసలివాళ్ళు. యంత్రం తప్పు చీటీ తీసినట్టు ఎవరి మీద పడితే వాళ్ళ మీద పడదు. ఎక్కువ కష్టం చేసిన ఒంటిని వెతుక్కుంటూ వెళ్ళి పడుతుంది. మీ పుస్తకంలో ఈ మాట ఉందో లేదో గానీ మీ పరీక్షలో ఉండాలి. ఎన్ని శాతం అని రాశాక, మిగిలినవాళ్ళు ఎవరు అని ఇంకో గడి ఉండాలి.

వేలు ఒక్కటే కాదు, మాట కూడా అంతే.

అమ్మకి టైపు చెయ్యడం రాదు. ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాస్తుందని నేర్పాను. విశాఖలో ఉన్న మా తమ్ముడికి మొదటి మెసేజ్ పెట్టింది. "పండక్కి బేగి రా, గుంటల్ని కూడా తే" అంది. బేగి అంటే తొందరగా అనీ, గుంటలంటే పిల్లలనీ మీకు చెప్పక్కర్లేదు. ఫోన్ "బ్యాగ్ రా" అని రాసింది. గుంటల్ని ఏం చేసిందో ఇప్పటికీ అర్థం కాలేదు. రెండుసార్లు చెప్పి చూసి, మూడోసారి అమ్మ పెద్ద పంతులమ్మలా, రేడియోలో వార్తలు చదివినట్టు "తొందరగా రా" అని పలికింది. ఫోన్ తప్పు లేకుండా రాసింది. అది చూసి నాకు చాలా బాధేసింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కన్నకొడుకుతో మాట్లాడ్డానికి తన మాట మార్చుకుంది.

ఇది చదివి మీరు చిన్న విషయమే కదా అనుకోవచ్చు. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి, 161 సేవలతో. రేపు ఆ సేవలన్నీ మాటతో అడిగి చేయించుకునే రోజు వస్తుంది, అది మంచిదే. చదువు రానివాళ్ళకి అంతకన్నా కావాల్సింది ఏముంది? అయితే ఆ యంత్రం వినేది ఎవరి తెలుగు? టీవీలో వినబడే తెలుగే అయితే, చదువు లేని మనిషి కోసం కట్టిన గుమ్మం చదువుకున్నవాళ్ళకే తెరుచుకుంటుంది.

ఇక్కడ నాకు గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. ఆయన మన జిల్లా మనిషి. 1863లో పర్వతాలపేటలో పుట్టారు. ఏటా ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పుట్టినరోజనే. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలుండాలి, చదువుండాలి అని ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. దానికంటే ముందు ఆయన చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, కొండల్లోంచి వచ్చే సవర గిరిజనుల మాట విని, అది నేర్చుకున్నారు. వాళ్ళ భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటలో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి చలిజ్వరం తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి చెవుడు తెచ్చుకున్నారు. ఇంకొకరి మాట వినడానికి వెళ్ళి తన వినికిడి పోగొట్టుకున్న మనిషి మన జిల్లావాడు. ఆయన దగ్గర రికార్డరు లేదు, ఇంటర్నెట్ లేదు. మీ జేబులో రెండూ ఉన్నాయి.

కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి వేదికలో భాషాదానం అని ఉంది. ఎవరైనా తమ గొంతు రికార్డు చేసి ఇవ్వొచ్చు. యంత్రాలు భాష నేర్చుకునేది అలా పోగైన గొంతుల నుంచే. వేసవి సెలవుల్లో మీరు ఊరికొచ్చినప్పుడు మీ అమ్మమ్మ చేత, పక్కింటి తాత చేత, చేపల గంప దించుకుని గట్టు మీద కూర్చున్న అత్త చేత నాలుగు మాటలు చెప్పించండి. వాళ్ళని అడిగి, ఎందుకో చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే. మెళియాపుట్టి, మందస కొండ గూడేల నుంచి వచ్చిన పిల్లలు మీలో ఉంటే, సవర మాటని యంత్రానికి వినిపించే పని మీకంటే బాగా చేసేవాళ్ళు ప్రపంచంలో లేరు.

ఇప్పుడు పని సంగతి. "ఏఐ వస్తే మాకు ఉద్యోగాలుంటాయా టీచర్?" అని మీరు అడుగుతున్నారు. నాకు తెలిసిన ఉదాహరణ ఒక్కటే, అది కూడా జీడిపప్పుదే.

పప్పు తయారయ్యాక గ్రేడింగ్ చేస్తారు. 180, 210, 240, 320 అని నంబర్లు. పౌనుకి, అంటే దాదాపు అరకిలోకి, ఎన్ని గుండు పప్పులు తూగుతాయన్న లెక్క అది. నంబరు చిన్నదైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. బద్దలు, ముక్కలు వేరు. రంగు మారినవి వేరు. ఆ పనికి నూనె అంటదు, బొబ్బలుండవు. శుభ్రమైన బల్ల ముందు కూర్చుని కంటితో, వేళ్ళతో చెయ్యొచ్చు. కటింగ్‌లో చేతులు పాడైపోయిన ఆడవాళ్ళు వయసు మీదపడ్డాక ఆ బల్ల దగ్గరకి చేరాలని ఎదురుచూసేవాళ్ళు. అమ్మ చివరి నాలుగేళ్ళు అక్కడే చేసింది. పప్పుని చూడకుండా వేళ్ళ మధ్య దొర్లించి 240యో 320యో చెప్పేసేది. ఆమె చేసిన చోటికి మొదట వచ్చిన యంత్రం ఏది అనుకుంటున్నారు? కెమెరాతో రంగు, సైజు చూసి పప్పుని వేరుచేసే యంత్రం. గ్రేడింగ్ బల్లలు తీసేశారు. కటింగ్ పీటలు అలాగే ఉన్నాయి.

నేను యజమానిని తప్పుపట్టను, ఆయన లెక్క ఆయనది. కానీ ఆ రోజు నుంచి నాకు ఒక ప్రశ్న ఉండిపోయింది. యంత్రం ముందు ఏ పని తీసుకోవాలి అన్నది ఎవరు తేలుస్తున్నారు? రోబో అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం నుంచి వచ్చింది. వాళ్ళ భాషలో రోబోటా అంటే వెట్టిచాకిరి. వెట్టి అనే మాట మన జిల్లాలో ఎవరికీ వివరించక్కర్లేదు. మన కొండల్లో దాని మీద రక్తం పారింది. యంత్రం పుట్టిందే వెట్టి మొయ్యడానికి అయితే, ముందు దాన్ని జీడి నూనెలో చెయ్యి పెట్టమనాలి. మురుగు గుంటలోకి దిగమనాలి. కేరళలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళు మ్యాన్‌హోల్ శుభ్రం చేసే బ్యాండికూట్ అనే రోబో చేశారు, 2018లో తిరువనంతపురంలో దాన్ని దింపారు. మీ వయసువాళ్ళే.

కటింగ్ యంత్రం వస్తే అమ్మలాంటివాళ్ళ చెయ్యి మిగులుతుంది, కూలి పోతుంది. ఇది నేను దాచను. ఇప్పుడు పూర్తిగా యంత్రాలతో తొక్క తీసే ఫ్యాక్టరీలూ వస్తున్నాయి. ఆ యంత్రాన్ని ఆ ఆడవాళ్ళకే నేర్పి, వాళ్ళ చేతే నడిపించేలా తయారుచెయ్యడం కుదరదా? తెర మీద మాటలు తెలుగులో ఉంటే, మీటలు చీర కట్టుకుని కూర్చున్న మనిషికి అందే ఎత్తులో ఉంటే, చెడితే విప్పి బాగుచెయ్యడం పదోతరగతి చదివిన పిల్లకి వచ్చేలా ఉంటే? ఇవన్నీ డిజైన్ చేసేటప్పుడే అనుకోవాల్సిన సంగతులు. తర్వాత అనుకుంటే ఖర్చు. నాకు మెకానికల్ రాదు, మీకు వస్తుంది.

అన్ని చేతిపనులూ యంత్రానికి ఇచ్చెయ్యమనడం లేదు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకే అమ్మల్ని చూడండి. అక్కడ రోబో వద్దు, ఆ పనికి సరైన కూలి కావాలి.

యంత్రం కావాల్సిన చోట్లు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ని వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దింది. 14 మంది పోయారు. పలాస బండి అంటే మా బండి. విశాఖ ఆసుపత్రులకి, పరీక్షలకి, పనులకి వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే బండి. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు, ఫోన్లు కలవక. సిగ్నల్ దాటబోతే డ్రైవరు బ్రేకు వెయ్యకపోయినా తనే వేసే కవచ్ అనే వ్యవస్థ దేశంలో అప్పటికే ఉంది. ఆ లైన్లో లేదు. మనిషి అలిసిపోతాడు, పొరబడతాడు. అక్కడ యంత్రం చెయ్యి పట్టుకుని ఆపాలి.

క్షయ సంగతి చూడండి. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల ప్రచారంలో చేత్తో మోసుకెళ్ళే ఎక్స్‌రే యంత్రాలు వాడారు. ఛాతీ బొమ్మలో అనుమానంగా ఉన్నచోటుని ఏఐ చూపిస్తుంది, తర్వాత కళ్ళె పరీక్షతో తేలుస్తారు. డాక్టరు లేని ఊరికి డాక్టరు కన్ను వచ్చినట్టే. డి.మత్స్యలేశం లాంటి ఊళ్ళ నుంచి గుజరాత్ వెరావల్‌కి వేటకెళ్ళినవాళ్ళు 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కారు, 20 మంది ఇల్లు చేరేసరికి 2020 జనవరి అయింది. నీళ్ళ మీద గీత కనబడదు కదా. ఇప్పుడు హద్దు దగ్గరపడితే హెచ్చరించే ట్రాన్స్‌పాండర్లు ఇస్రో సాయంతో పడవలకి పెడుతున్నారు. ఇలాంటి యంత్రానికి నేను రెండు చేతులెత్తి దండం పెడతాను.

ఉద్దానం గురించి ఒక్క మాట. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీరా, ఎండలో చాకిరీనా, మందులా, ఇవన్నీ కలిసా? పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) లెక్కలు, బావుల నీటి పరీక్షలు, ఎవరు ఏ పని చేశారన్న వివరాలు కలిపి చూసి, మనిషి కంటికి అందని పోలికలు పట్టుకోవడం ఏఐకి బాగా వచ్చిన పని. ఇది చేసేవాళ్ళు మీలోంచి రావాలని నా ఆశ. అయితే ఒక జాగ్రత్త. ఉద్దానం పిల్ల అంటే సంబంధానికి వెనకాడేవాళ్ళున్నారు. ఫలానా ఇంట్లో క్రియాటినిన్ ఎక్కువ అన్న సంగతి బయటపడితే ఆ ఇంటి అమ్మాయి పెళ్ళి ఆగిపోతుంది. మీకు అది ఎక్సెల్ షీట్లో ఒక వరస. డేటా ప్రైవసీ అని మీరు పరీక్షకి చదివే పాఠం మా ఊళ్ళో ఒక పిల్ల జీవితం.

నా క్లాసు సంగతి ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది తెలుగు టీచర్ సెలవులో ఉంటే ఆ పీరియడ్‌కి నేను వెళ్ళి, మీ ఊరి గురించి ఒక పేజీ రాయమన్నాను, రేపు తెమ్మన్నాను. ఒక పిల్లాడు చక్కటి వ్యాసం తెచ్చాడు. ఊరి పక్కన గలగలా పారే నది, పచ్చని వరిచేలు, రావిచెట్టు కింద పంచాయితీ. తప్పుల్లేని తెలుగు. ఆ పిల్లాడిది ఉద్దానంలో ఇసక నేల ఊరు. నది లేదు, వరి లేదు. జీడి, కొబ్బరి, పనస. ఫోన్‌లో ఏఐని అడిగి రాసుకొచ్చాడని తెలుస్తూనే ఉంది. కోప్పడలేదు. "ఈ నది ఎక్కడుంది నాన్నా, నన్ను తీసుకెళ్తావా?" అని అడిగాను. తల వంచుకున్నాడు. ఇక్కడే కూర్చుని ఏది గుర్తొస్తే అది రాయి అన్నాను. తొమ్మిది లైన్లు రాశాడు. తిత్లీ తుపాను రాత్రి వాళ్ళ నాన్న తలుపుకి వీపు ఆనించి తెల్లారేదాకా నిలబడ్డాడట. పొద్దున్న చూస్తే తాత వేసిన జీడిచెట్లు వేళ్ళు పైకి పెట్టుకుని పడి ఉన్నాయట. తాత ఒక్కొక్క చెట్టు దగ్గరకి వెళ్ళి చెయ్యి వేసి వచ్చాడట. 2018 అక్టోబరు 11 నాటికి వాడికి ఎనిమిదేళ్ళు. ఆ తొమ్మిది లైన్లలో అక్షరదోషాలు పద్నాలుగు. ఆ కాగితం నా బీరువాలో ఉంది.

మీరు ఏఐని వాడండి. అర్థంకాని లెక్కని పదిసార్లు విసుక్కోకుండా చెప్పే ఓపిక దానికుంది, నలభై ఐదు మంది క్లాసులో నాకు అంత ఓపిక చిక్కదు. కానీ మీ ఊరిని దాన్ని అడగకండి, దానికి తెలియదు. మీరు చెప్తేనే దానికి తెలుస్తుంది.

విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. భోగాపురం విమానాశ్రయం వస్తోంది. ఇంతకాలం మన పిల్లలు పని వెతుక్కుంటూ రైలెక్కారు, ఇప్పుడు పని మన వైపు వస్తోందని అందరం ఆశపడుతున్నాం. నేనూ ఆశపడుతున్నాను. అందుకే అడుగుతున్నాను: ఆ పని చేసే చోట మన అమ్మల చేతులు, మన మాట ఎరిగినవాళ్ళు నలుగురైనా ఉండాలి.

నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కోకండి. అమీర్‌పేటలోనో ఎక్కడో కొన్ని వేలకి రెడీమేడ్‌గా దొరుకుతుందని, అందరూ అదే చేస్తారని నాకు తెలుసు. నలుగురు కలిసి ఒక్క సమస్య తీసుకోండి, మన జిల్లాల్లోది. వేలిముద్ర ఎంత అరిగితే యంత్రం ఎప్పుడు ఆగిపోతోందో కొలవండి. రెండుసార్లు వేలు పడకపోతే మూడోసారి అడక్కుండా కంటిపాపకో, కార్డు చూసి మనిషి సంతకం పెట్టే పద్ధతికో తనంతట తానే వెళ్ళే తెర ఒకటి గీయండి. గీసి, కాలేజీలో మార్కులు వేయించుకుని ఊరుకోకుండా, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి పట్టుకెళ్ళి చూపించండి. నేనూ వస్తాను, సెలవు పెట్టుకుని.

కాశీబుగ్గ వస్తే మా ఇంటికి రండి. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాం. అమ్మతో పనిచేసినవాళ్ళు మా వీధిలోనే ఇంకో ఏడుగురున్నారు, వాళ్ళకీ చెప్పి ఉంచాను. పిల్లలు మిషను పట్టుకుని నీ వేలు చూడ్డానికి వస్తారు అంటే అమ్మ మొదట నమ్మలేదు. తర్వాత తనే గుర్తుచేస్తోంది. "ఎప్పుడొస్తారో ముందే సెప్పమనే. సేతులు కడుక్కుని కూకుంటాను" అంది.

మీ లెక్కల టీచర్,
పలాస